పర్ణశాల, మండపము, స్లాబు: పినపాక ప్రాంత గ్రామ దేవాలయముల నిర్మాణముపై ఒక విమర్శనాత్మక పరిశీలన

గ్రామ దేవాలయములను గూర్చి మన వేదాంత పత్రికలలో వ్రాయబడినది స్వల్పము. వ్రాయబడినది కూడ ఎక్కువగా ప్రతిష్ఠ జరిగిన తేదీ, మిషనరీల పేర్లు, చందాల మొత్తములతోనే ముగియుచున్నది. కట్టడము ఏ ఆకారములో ఉన్నది, ఆ ఆకారమును ఎవరు ఎన్నుకొనిరి, దాని క్రింద కూర్చుండు విశ్వాసులకు అది దేవుని గూర్చి ఏమి చెప్పుచున్నది అను ప్రశ్నలు అడుగుట అరుదు. ప్రసంగము పేలవముగా ఉన్నచో ఆ నష్టము ఒక ఆదివారముతో పోవును. గోడ విషయము అట్లు కాదు. రెండు తరములవారు దాని మధ్యనే బాప్తిస్మము పొంది, వివాహమాడి, శవపేటికలో బయటకు వెళ్లుదురు. కనుక దేవాలయ నిర్మాణమును కూడ ఒక వేదాంత వాక్యముగా చదివి విమర్శించవలెనని మా అభిప్రాయము. ఈ వ్యాసములో పినపాక ప్రాంతమును దృష్టిలో ఉంచుకొని ఆ పని కొంత చేయుదుము.

పినపాక మండలము గోదావరి కుడి గట్టున ఉన్నది. 2016 అక్టోబరు 11 వరకు ఖమ్మం జిల్లాలోను, ఆ తరువాత భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలోను చేరియున్నది. నదికి ఆవలి గట్టున చర్ల, దుమ్ముగూడెం మండలములు, వాటికి దిగువన భద్రాచలము. నేడు పడవ దాటినంతలో మారునది మండలము మాత్రమే గాని, ఒకప్పుడు ఈ నది రెండు ప్రభుత్వములకు ఎల్ల. కుడి గట్టు నైజాముది. ఎడమ గట్టు 1860లో నైజాము చేతి నుండి బ్రిటిషువారికి వచ్చి, మొదట మధ్యపరగణాలలో ఉండి, 1874లో మద్రాసు రాజధానిలోని గోదావరి జిల్లాకు చేర్చబడినది. 1959లో గాని అది ఖమ్మం జిల్లాలో కలియలేదు. సువార్త కూడ ఈ రెండు గట్టులకు రెండు దారులలో వచ్చినది: ఎడమ గట్టుకు దుమ్ముగూడెం నుండి, కుడి గట్టుకు ఖమ్మం, డోర్నకల్ వైపు నుండి. కట్టడముల చరిత్ర కూడ ఈ రెండు దారులనే అనుసరించినది.

దుమ్ముగూడెము: రాయి ఒకచోట, తడిక ఒకచోట

దుమ్ముగూడెం మిషను పుట్టుక ఒక ఇంజనీరు శిబిరములో జరిగినది. సర్ ఆర్థర్ కాటన్ ఆలోచనను అనుసరించి ఎగువ గోదావరిలో పడవలు నడుపుటకు ఆనకట్టలు, లాకులు కట్టించుచుండిన సైనిక ఇంజనీరు ఎఫ్. టి. హెయిగ్, చుట్టునున్న కోయవారి మధ్య పని ప్రారంభించవలెనని చర్చి మిషనరీ సొసైటీని కోరగా, 1860ల ఆరంభములో ఆ పని మొదలైనది. హెయిగ్ క్రింద పనిచేసిన ఐ. వెంకటరామరాజు విశ్వాసియై, గురువుగా అభిషేకింపబడి, ఆ మిషనుకు తొలి స్తంభమైనాడు. తరువాత జాన్ కెయిన్ దీర్ఘకాలము అక్కడ పనిచేసి, భద్రాచలం, రేకపల్లి తాలూకాల ప్రజలను గూర్చి 1870లలో ఇండియన్ ఆంటిక్వరీ పత్రికలో వ్యాసములు ప్రకటించెను. నౌకాయాన పథకము మధ్యలోనే ఆగిపోయినది. మిషను నిలిచినది.

ఇందులో మనము గమనింపదగిన సంగతి ఒకటి కలదు. గోదావరికి అడ్డముగా రాతికట్ట వేయగలిగిన నైపుణ్యము, సున్నము, కూలి, కొలతబద్ద అన్నియు మిషను గుమ్మము ఎదుటనే ఉండినవి. అయినను గూడెములలోనికి ఆ రాయి పోలేదు. అక్కడ సంఘము కూడినది వెదురు తడికెలకు మట్టి మెత్తిన గోడల మధ్య, తాటాకు లేక గడ్డి కప్పు క్రింద. దీనిని పేదరికమని మాత్రమే చదువుట పొరపాటు. ఆ పాకను విశ్వాసులు తమ చేతులతోనే కట్టుకొనగలరు, గాలివానకు పోయినయెడల వారములో మరల నిలుపుకొనగలరు. మేస్త్రీ అక్కరలేదు, అప్పు అక్కరలేదు. పరదేశపు సహాయముతో ప్రారంభమైన సంఘములో, ఎవరి సహాయమును లేకుండ నిలిచిన వస్తువు ఆ పాక ఒక్కటే అనవచ్చును.

కాని ఆ పాకను ఎవరును దేవాలయమని పిలువలేదు. "ప్రార్థన పాక" అనిరి, "తాత్కాలికము" అనిరి. నిజమైన దేవాలయము ఇంకెప్పుడో, ఇంకొక ఆకారములో రానున్నదని భావించిరి. భాష విషయములోను అదే జరిగినది. 19వ శతాబ్దములోనే సువార్త భాగములు కోయ భాషలోనికి తర్జుమా చేయబడినను, ఆరాధన భాష తెలుగుగానే స్థిరపడినది. ఇంటిలో కోయ, గుడిలో తెలుగు. ఇంటిలో తడిక, గుడిలో ఇటుక. దేవుని సన్నిధికి పోవునపుడు తమది అనునది గుమ్మము బయట విడిచి పోవలెనని ఈ రెండును కలిసి నేర్పినవి.

కుడి గట్టున, ఖమ్మం వైపు మైదాన గ్రామములలో, కథ కొంత వేరు. 1859లో రాఘవాపురపు పగోలు వెంకయ్య టి. వై. డార్లింగ్ యొద్ద బాప్తిస్మము పొందినప్పటి నుండి మాల, మాదిగ పల్లెలలో సంఘములు విస్తరించినవి. అక్కడ కట్టబడినది బడి-గుడి. వారమంతయు ఉపదేశి పిల్లలకు అక్షరములు దిద్దించు గది, ఆదివారము దేవాలయము. దీర్ఘ చతురస్రపు గది, రెండు వైపుల వాలు కప్పు, పడమట గుమ్మము, తూర్పున రెండు మెట్ల ఎత్తున పరిశుద్ధ బల్ల, కిటికీలకు మొనతేలిన ఆర్చి. గంట కొనలేనిచోట వేలాడదీసిన రైలు పట్టా ముక్క. కప్పు మొదట గడ్డి, తరువాత గూన పెంకు, మరికొంత కాలమునకు మంగుళూరు పెంకు. ఈ పెంకు కూడ మిషను పనిలో పుట్టినదే. బాసెల్ మిషను 1865లో మంగుళూరులో స్థాపించిన కర్మాగారము నుండి ఆ పరిశ్రమ దక్షిణాదియంతట వ్యాపించినది. మా అభిరుచి చెప్పవలసినచో, తెలుగు ప్రొటెస్టంటు సంఘము కట్టిన వాటిలో మిక్కిలి నిజాయితీగల కట్టడము ఈ బడి-గుడియే. దానికి నటన లేదు. అక్షరమును, వాక్యమును ఒకే కప్పు క్రింద ఉంచినది. అక్షరము నిషేధింపబడిన వారికి అది చిన్న సంగతి కాదు.

డోర్నకల్ ఇచ్చిన జవాబు

గ్రామ దేవాలయమును గూర్చి మాట్లాడుచు కతీడ్రలును ఎందుకు తెచ్చుచున్నారని చదువరులు అడుగవచ్చును. డోర్నకల్ జంక్షను నుండి విడిపోయిన రైలు మార్గము కొత్తగూడెం మీదుగా మణుగూరు వరకు వచ్చి ఆగుచున్నది. పినపాక విశ్వాసి ఆ బండి ఎక్కి దిగినచో కనబడు దేవాలయము ఎపిఫనీ కతీడ్రలు. సంఘ పెద్దల మనస్సులో "గుడి అనగా ఇట్లుండవలెను" అను ఊహ అక్కడ నుండి, లేక మెదక్ నుండి వచ్చుచున్నది.

ఆ రెండును నైజాము రాజ్యములోనే, పదిహేనేండ్ల వ్యవధిలో ప్రతిష్ఠింపబడినవి. చార్లెస్ వాకర్ పాస్నెట్ కరవు కాలములో కూలి కల్పించుచు కట్టించిన మెదక్ దేవాలయము 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠింపబడినది. 200 అడుగుల పొడవు, 100 అడుగుల వెడల్పు, 175 అడుగుల గంట గోపురముతో అది ఇంగ్లండు గోథిక్ పద్ధతికి చెందినది. వి. ఎస్. అజరయ్య తలపెట్టిన డోర్నకల్ కతీడ్రలు దాదాపు పావు శతాబ్దము సాగి 1939 జనవరి 6న ప్రతిష్ఠింపబడినది. 1912 డిసెంబరు 29న కలకత్తాలో ఆంగ్లికన్ సంఘపు తొలి భారతీయ బిషప్పుగా అభిషేకింపబడిన అజరయ్య, గోథిక్ నమూనాను కాదని, హిందూ ఆలయపు స్తంభ మండపమును, మసీదు గుమ్మటములను, మినారులను ఒకచోట చేర్చెను. ఈ దేశపు ఆరాధనా శిల్పములన్నియు క్రీస్తు పాదముల యొద్దకు వచ్చునను ఎపిఫనీ భావము అందులో స్పష్టము. జ్ఞానులు తూర్పు నుండి తెచ్చిన కానుకల పండుగ నాడే ప్రతిష్ఠ జరుగుటలోను అదే అర్థము.

దీనిని దేశీయీకరణకు శిఖరమని మెచ్చుకొనుట మన పత్రికలలో పరిపాటియైనది. 1980ల నుండి దళిత వేదాంతము మరియొక ప్రశ్న వేయుచు వచ్చినది: ఏ దేశీయత? ఎవరి భారతము? అధ్యక్ష ఖండపు విశ్వాసులలో అత్యధికులు మాలలు, మాదిగలు. వారిని గుమ్మము బయట నిలిపిన ఆలయపు స్తంభమును తెచ్చి, ఇదిగో మీ సంస్కృతి అని వారి ఎదుట నిలుపుట ఎట్లు న్యాయము? ఈ ప్రశ్న బలమైనది. దక్షిణ ఇండియా సంఘము 1947 సెప్టెంబరు 27న ఏర్పడిన తరువాత దాని చిహ్నములో సిలువతో కూడ చేరిన తామరను గూర్చియు ఇదే అడుగవచ్చును.

అయినను ఈ విమర్శ తేదీలను తగినంత గమనింపలేదని మాకు తోచుచున్నది. తిరువాన్కూరు ఆలయ ప్రవేశ ప్రకటన 1936 నవంబరు 12న వెలువడినది. మద్రాసు రాజధానిలో ఆలయ ప్రవేశమునకు చట్టబద్ధమైన అనుమతి 1939లో వచ్చినది. డోర్నకల్ నైజాములో ఉన్నను, ఆ అధ్యక్ష ఖండములోని కృష్ణా ప్రాంత గ్రామములు మద్రాసు రాజధానిలోనివే. అనగా 1939 జనవరిలో అక్కడి నుండి వచ్చిన మాల విశ్వాసి తన ఊరి గుడిలోనికి పోలేడు, కాని డోర్నకల్‌లో అదే తీరు స్తంభముల మధ్య నడచి బల్ల యొద్దకు పోయి, రొట్టెను చేత పుచ్చుకొనగలిగెను. అది అనుకరణ కాదు, హక్కు స్వీకారము. వంటలో పిడికెడు బియ్యము తీసిపెట్టి సంఘమును పోషించిన స్త్రీలు, తమను రానీయని మండపము వంటి మండపమును తామే కట్టించుకొనిరి. శిల్పమును దాని మూలమును బట్టి మాత్రమే తీర్పు తీర్చరాదు. దానిలోనికి ఎవరు నడచిరో కూడ చూడవలెను.

అయితే ఈ సమర్థన పినపాక వద్దకు వచ్చి ఆగిపోవుచున్నది. మాల, మాదిగ విశ్వాసికి మండపము నిరాకరింపబడిన వస్తువు. కోయ విశ్వాసికి అది పరాయి వస్తువు. కోయవారి పరిశుద్ధ స్థలము స్తంభములతో ఏర్పడినది కాదు. పినపాకకు పొరుగుననున్న ములుగు అడవిలోని మేడారమును చూడుడు. అక్కడి సమ్మక్క సారలమ్మలకు విగ్రహములు లేవు. గద్దె, వెదురు, కుంకుమ భరిణె, పైన ఆకాశము. భూమి పండుగయు, కొత్త పండుగలును చెట్టు క్రింద, ఊరి బయట జరుగునవే. గర్భగుడి, దానికి దూరముగా జనము అను అమరికయే అక్కడ లేదు. ఆ విశ్వాసములను మనము అంగీకరించుచున్నామని దీని అర్థము కాదు. దేవుని యెదుట ఎట్లు కూడుకొనవలెనో ఒక ప్రజ శరీరమునకు తెలిసిన పద్ధతి అది. అజరయ్య మాల, మాదిగలకు ఇచ్చిన గౌరవపు జవాబు వంటిది కోయవారికి ఎవరును ఇయ్యలేదు. గుమ్మటము, మినారు, మండపము, గోథిక్ ఆర్చి, ఇన్నిటిలో తడిక లేదు, అరుగు లేదు, గద్దె లేదు.

స్లాబు

ఇప్పుడు మణుగూరు దారి పొడవునను, ఏడూళ్ల బయ్యారము వైపునను కట్టబడుచున్న దేవాలయములను చూతము. కప్పు చదునైన స్లాబు. ముందు భాగమున పోర్టికో, దానిపై మెదక్‌ను తలపింపజేయు కోసుగోపురము ముప్పై అడుగులకు కుదించి నిలిపినది. కిటికీలకు రంగు అద్దముల బదులు రంగు స్టిక్కర్లు. నేల టైల్సు. నమూనా వచ్చినది శిల్పి నుండి కాదు, ఇంకొక ఊరి ప్రతిష్ఠ ఫ్లెక్సీలోని ఫోటో నుండి. ప్లాను గీసినది మేస్త్రీ. దోషము మేస్త్రీది కాదు, అతనికి చెప్పవలసినవారు ఏమియు చెప్పలేదు.

మే నెలలో 45 డిగ్రీలు దాటు ఈ బొగ్గు గనుల ప్రాంతములో స్లాబు క్రింద పదకొండు గంటల ఆరాధన ఎట్లుండునో వేరుగా చెప్పనక్కరలేదు. కరెంటు పోయినచో వృద్ధులు లేచి వేపచెట్టు క్రిందికి పోవుదురు. గోడలు మైకు మాటను రెండుసార్లు పలుకును. మంగుళూరు పెంకుల క్రింద, ఎత్తైన వాలు కప్పులో, ఈ రెండు బాధలును లేకుండెను. పాతదానిని పడగొట్టి దీనిని కట్టుకొనిరి.

ఎందుకు? ఈ ప్రశ్నను ఒక గూడెము సంఘ పెద్దతో ప్రస్తావించినపుడు ఆయన చెప్పిన మాట మాకు మరుపునకు రాదు. "దొరల ఇండ్లు స్లాబులు, బడి స్లాబు, పంచాయితీ ఆఫీసు స్లాబు. దేవుని గుడి ఒక్కటి గుడిసెనా అయ్యగారూ? స్లాబు లేకుంటే మమ్ముల ఎవరు లెక్క చేత్తరు?" దీనికి ఎదురు చెప్పుట పట్టణములో పక్కా ఇంట నివసించు వేదాంతికి తగదు. సంస్కృతి పేరుతో ఆదివాసిని గడ్డి కప్పు క్రిందనే ఉండుమనుట కూడ ఒక రకమైన దొరతనమే. వెదురు చర్చిల ఫోటోలను చూచి మురియువారు వానాకాలములో ఒక రాత్రి దాని క్రింద పడుకొనవలెను.

నది కూడ ఆ పెద్ద పక్షముననే మాట్లాడుచున్నది. భద్రాచలము వద్ద గోదావరి 1986 ఆగస్టులో 75.6 అడుగులకు, 2022 జూలైలో 71.3 అడుగులకు చేరినది. మట్టిగోడ వరదకు ఆగదు. 2022లో నది ఒడ్డు పల్లెలవారికి మేడ అనునది ఆడంబరము కాదు, ప్రాణము. గట్టి కప్పుగల దేవాలయము అట్టి దినములలో ఆశ్రయపురమగును. కాబట్టి మా విమర్శ సిమెంటు మీద కాదు. సిమెంటుతో ఏమి చెప్పుచున్నాము అనుదాని మీద.

భూమి చట్టము కూడ ఇక్కడ కట్టడము రూపును నిర్ణయించుచున్నది. ఇది షెడ్యూల్డు ప్రాంతము. 1959 నాటి భూబదలాయింపు రెగ్యులేషనును సవరించిన 1970 నాటి 1వ నంబరు రెగ్యులేషను, జనము 1/70 అని పిలుచునది, ఇక్కడి భూమిని గిరిజనులకు, లేక గిరిజనులే సభ్యులుగా గల సహకార సంఘములకు తప్ప బదలాయింపరాదని చెప్పుచున్నది. కనుక బయటి సొసైటీ పేర స్థలము కొని దేవాలయము కట్టుట సాధ్యము కాదు. గూడెములోని ప్రార్థన స్థలము సాధారణముగా ఒక కోయ విశ్వాసి ఇంటి ఆవరణలోనే ఉండును. దీనిని ఆటంకమని మనవారు వాపోవుచుందురు. మాకట్లు తోచదు. ఆదివాసి భూమిని కాపాడు కట్టడి అది, సంఘము దానిని గౌరవింపవలెను. పైగా ఇంటిని ఆనుకొనిన దేవాలయము మన చరిత్రలో క్రొత్తది కాదు. యూఫ్రటీసు ఒడ్డున దూరా యూరోపస్‌లో త్రవ్వకములలో బయటపడిన, మనకు తెలిసిన మిక్కిలి ప్రాచీనమైన క్రైస్తవ ఆరాధనా గృహము, మూడవ శతాబ్దపు మధ్యకాలమున ఒక మామూలు ఇంటి లోపలి గోడ తీసివేసి కూటమునకు తగినట్లు మార్చినదే. బయటనుండి చూచువానికి అది వీధిలోని మరియొక ఇల్లు.

పర్ణశాల అను మాట

ఈ నది ఒడ్డున ఉండి ఈ మాటను విడిచిపెట్టుట కుదరదు. భద్రాచలమునకు సుమారు 35 కిలోమీటర్ల ఎగువన, దుమ్ముగూడెం మండలములో, పర్ణశాల అను గ్రామము కలదు. ఆ పేరు రామాయణమునకు చెందినదని అందరికిని తెలియును. మన తెలుగు బైబిలు కూడ అదే మాటను వాడుచున్నది. లేవీయకాండము 23లోను, యోహాను 7లోను ఆకుల పాకల పండుగకు పర్ణశాలల పండుగ అని పేరు. రూపాంతర కొండపై పేతురు కట్టెదమనినవి కూడ పర్ణశాలలే. యోహాను 1:14లో వాక్యము మన మధ్య నివసించుటకు వాడబడిన గ్రీకు క్రియ గుడారము వేయుట అను భావము గలది. 2 సమూయేలు 7లో దేవదారు మందిరము తలపెట్టిన దావీదుకు, తాను గుడారములోనే సంచరించితినని, ఇల్లు కట్టుమని ఎవరిని అడుగలేదని దేవుడు గుర్తుచేయుచున్నాడు. 1 కొరింథీయులకు 3:16లో పౌలు ఆలయము అను మాటను గోడలకు గాక సంఘమునకు ఇచ్చినాడు. ఇంత వాక్య సంపద ఉండగా, మన ప్రసంగములలో దేవాలయ ప్రతిష్ఠ దినమున సొలొమోను మందిరము తప్ప మరియొక వాక్యభాగము వినబడుట అపురూపము. కొలతలు, బంగారు పూత, దేవదారు. ఆ ప్రసంగము విన్న కమిటీ గోపురము ఎత్తు పెంచక ఏమి చేయును?

ఈ చిక్కుకు నెహెమ్యా 8లో ఒక దారి కనబడుచున్నది. చెర నుండి తిరిగి వచ్చిన జనులు కొండకు పోయి కొమ్మలు తెచ్చి పర్ణశాలలు కట్టిరి. ఎక్కడ? తమ ఇండ్ల కప్పుల మీద, ముంగిళ్లలో, దేవుని మందిరపు ఆవరణములలో కూడ. రాతి మందిరమును ఆకుల పాకయు ఒకేచోట నిలిచినవి. ఒకటి రెండవదానికి తాత్కాలిక రూపము కాదు. పినపాక సంఘ పెద్దకు చెప్పదగిన మాట ఇదేనని మా తలంపు: స్లాబు వేయుడు, వరదకు పైన నేల ఎత్తు ఉంచుడు. కాని గోపురమునకు, పోర్టికోకు పెట్టు డబ్బును చుట్టు అరుగుకు, విశాలమైన పందిరికి పెట్టుడు. స్లాబుకు పైన గాలి ఆడునట్లు పెంకు కప్పు వేసినచో ఎండ తగ్గును. బల్లను గోడకు ఆనించక జనము మధ్యకు తెండు, గద్దె చుట్టు మూడు వైపుల కూడుట కోయవారికి నేర్పనక్కరలేదు. తడికె అల్లు చేతులు ఊరిలో ఇంకను ఉన్నవి. ఆ అల్లికను గోడ పైభాగమున వెలుతురు కొరకు వాడవచ్చును. దుమ్ముగూడెం మిషనులో అల్లిన లేసుకు పేరు వచ్చినది గదా, వెదురు అల్లికకు బల్ల చుట్టు చోటు ఎందుకు ఉండరాదు?

2005 తరువాత, సల్వాజుడుం కాలపు హింస వలన ఛత్తీస్‌గఢ్ నుండి తరలివచ్చి ఈ అడవులలో తలదాచుకొన్న గుత్తికోయల పల్లెలు అనేకము. అక్కడి విశ్వాసులు పందిరి క్రిందనే కూడుచున్నారు. వారి విషయములో కూడ నూరేండ్ల క్రిందటి వలె "ఇది తాత్కాలికము, నిజమైన గుడి తరువాత" అని చెప్పుదుమా అనునది ఇంకను తేలని ప్రశ్న.

మరియొక పని ఆలస్యము చేయుటకు వీలులేనిది. పోలవరం ముంపు క్రింద గుర్తింపబడిన కూనవరం, వరరామచంద్రపురం, చింతూరు, కుక్కునూరు, వేలేరుపాడు మండలములు 2014లో ఆంధ్రప్రదేశ్‌కు బదలాయింపబడినవి. ఆ గ్రామములలోని ప్రార్థన మందిరములకు నష్టపరిహారము లెక్కింపబడును, కొలతలు వ్రాయబడవు. కుడి గట్టున మిగిలిన పెంకుటింటి దేవాలయములను వరద గాక మనమే పడగొట్టుచున్నాము. బి.డి. విద్యార్థులు వేసవి పరిచర్యకు గ్రామములకు వచ్చుచున్నారు. నాలుగేండ్ల చదువులో వారికి హెబ్రీ, గ్రీకు నేర్పబడుచున్నవి, నిర్మాణ కమిటీకి అధ్యక్షత వహించుట ఎట్లో ఒక్క గంట కూడ నేర్పబడుటలేదు. పాస్టరేటుకు వచ్చిన మొదటి సంవత్సరముననే ఆ కుర్చీ వారిదగును. ఒక టేపు, ఒక నోటు పుస్తకము, ఒక కెమెరా ఇచ్చి పంపినచో, కప్పు వాలు, గుమ్మపు దిక్కు, దూలము టేకో మద్దియో, బల్ల ఎత్తు, గంట ఎక్కడ నుండి వచ్చినదను వృద్ధుల మాట, ఇవన్నియు వ్రాసికొని రాగలరు. మా ప్రాంతమునకు వచ్చువారికి పాత దేవాలయములు ఎక్కడెక్కడ ఇంకను నిలిచియున్నవో చూపుటకు మేము సిద్ధముగా ఉన్నాము. వానలకు ముందే, జూన్ లోపల వచ్చిన మంచిది.